ఎస్తేరు మేడం కొట్టేయని వాక్యం

ఈ ఉదయం ప్రెస్సు నుంచి కొత్త కరపత్రాలు వచ్చాయి. కట్టకు చుట్టిన పురికొస తెంపి, పైనున్న దళసరి కాగితం విప్పగానే పచ్చి సిరా వాసన గుప్పుమంది. వడదెబ్బ తగలకుండా ఏం చేయాలో చెప్పే కాగితాలవి. ఒకదాన్ని బొటనవేలితో రుద్ది చూశాను, నల్లగా అంటుకుంది. ఈ వాసన వచ్చినప్పుడల్లా నాకు ఒక్క మనిషే గుర్తొస్తారు. కట్ట విప్పగానే ఒక కాగితం తీసి, చదవకముందే ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇంక ఆరలే. ఫ్యాను కింద జర పరువుర్రి" అనే మనిషి. ఆ తర్వాతే కళ్ళద్దాలు తుడుచుకుని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివేవారు. అచ్చయిపోయాక చదివితే ఏం లాభం మేడం అని నేనొకసారి అడిగాను. "తప్పుంటే మొదలు మనకే తెలవాలె గదా బిడ్డా" అన్నారు.

ఆమె పేరు ఎస్తేరు. పాతబస్తీలోని ఒక ప్రభుత్వ ఆరోగ్య కార్యాలయంలో సమాచార విభాగం ఆమె చేతికింద నడిచేది. విభాగం అంటే రెండు గదులు. ముందు గదిలో రెండు బల్లలు, వెనక గదిలో నేల నుంచి పైకప్పు దాకా ఇనుప అరలు. పై కార్యాలయాలు పంపే పోస్టర్లు, కరపత్రాలు, బొమ్మల పుస్తకాలు అన్నీ ఆ అరల్లోకి చేరేవి. బీపీ, షుగర్, టీబీ, పిల్లల టీకాలు, బాలింతల తిండి, పొగాకు మానడం, ఇలా ఒక్కో దానికి ఒక్కో అర. తమ దగ్గర పనిచేసేవాళ్ళకు ఆరోగ్య కార్యక్రమం పెట్టుకోవాలనుకునే వర్క్‌షాపులవాళ్ళు, బడులవాళ్ళు, సంఘాలవాళ్ళు ఒక దరఖాస్తు రాసిచ్చి కావలసినవి ఊరికే తీసుకుపోవచ్చు. మేడం రాకముందు ఆ గదికి ఎప్పుడూ తాళమేనట. విప్పని కట్టల్లో ఎలుకలు పిల్లలు పెట్టేవట. మేడం వచ్చి తాళం తీయించి, అరలు తుడిపించి, ఏది ఎక్కడుందో ఒక నోటుబుక్కులో తెలుగులోనూ ఉర్దూలోనూ రాసిపెట్టారు.

మనిషి పొట్టి. నూలు చీర, రబ్బరు చెప్పులు, భుజాన గుడ్డ సంచి. తండ్రి రైల్వేలో పట్టాల మీద పనిచేసేవాడు కాబట్టి ఫలక్‌నుమా రైళ్ళ చప్పుడులోనే పుట్టి పెరిగారు. నర్సు చదువు చదివి, ఆ చుట్టుపక్కల గల్లీల్లో ఇంటింటికీ తిరిగి టీకాలు వేసిన ఏళ్ళు చాలా ఉన్నాయి. అందుకే ఎవరైనా కరపత్రాలు అడగడానికొస్తే ఆమె ముందు కాగితాల గురించి మాట్లాడేవారు కాదు, మనుషుల గురించి అడిగేవారు. నేను చేరిన మొదటి వారంలో ఒక చిన్న కార్ఖానా మేనేజరు వచ్చాడు.

"మేడం, పోస్టర్లు ఎక్కువ కావాలె. హాల్ నిండ కనబడాలె, ఫొటోలు తీసేదున్నది" అన్నాడు.

"ఏ హాల్ల పెడ్తరు?"

"ఆఫీస్ హాల్ల."

"పనోళ్ళు ఆఫీస్ హాల్లకు వస్తరా?"

"రారు మేడం."

"మరి వాళ్ళు నీళ్ళు తాగే కాడ అంటియ్యి. గాడికైతే నాలుగు సాలు." నాలుగే ఇచ్చి పంపారు. అతను ముఖం ముడుచుకుని వెళ్ళాడు. పదిహేను రోజుల తర్వాత మేడం నన్ను వెంటబెట్టుకుని ఆ కార్ఖానాకు వెళ్ళి, నీళ్ళ కుండ దగ్గర పోస్టరు ఉందో లేదో చూసొచ్చారు. ఉంది. దాని మీద ఎవరో పెన్సిలుతో ఏదో లెక్క వేసుకున్నారు. మేడం సంతోషించారు. "దగ్గరికొచ్చి నిలవడ్డరన్నట్టు" అన్నారు.

నాది కాంట్రాక్టు ఉద్యోగం. ఇంగ్లీషులో వచ్చే ఆరోగ్య సమాచారాన్ని తెలుగు చేయడం నా పని. మాది బహదూర్‌పురా. తాత నాడు ఇంటి వెనక బర్రెలుండేవి, నేను పుట్టేనాటికి అవి పోయి బాపు బస్సు డ్రైవరయ్యాడు. ఇంట్లో డిగ్రీ దాటి చదివింది నేనొక్కదాన్నే, అదీ తెలుగు ఎం.ఏ. ఇంట్లో ఏ మాట మాట్లాడినా కాగితం మీద మాత్రం నా తెలుగు పట్టుచీర కట్టుకున్నట్టు ఉండాలని నా పట్టుదల. మొదటిసారి బీపీ మీద కరపత్రం రాసి మేడం బల్ల మీద పెట్టినప్పుడు, ఆమె ఎంత మెచ్చుకుంటారోనని ఎదురుగా నిలబడ్డాను. ఆమె మొత్తం చదివారు.

"మస్తు రాసినవ్. పా, పూల మార్కెట్‌కు పోయొద్దాం" అన్నారు.

గుడిమల్కాపూర్ మార్కెట్లో అప్పటికి పొద్దుటి బేరం సద్దుమణిగింది. నేలంతా తడి, కాలి కింద నలిగిన బంతిరేకులు. యాదమ్మ అనే ఆమె గోనెసంచి మీద కూర్చుని చామంతులు వేరు చేస్తోంది. మేడంకు పాత పరిచయం. మేడం పక్కనే గోనె మీద కూర్చుని, "మా పిల్ల ఒకటి సదువుతది, ఇను అక్కా" అని నన్ను చదవమన్నారు. నేను గొంతు సవరించుకున్నాను. "అధిక రక్తపోటు గలవారు లవణ వినియోగమును పరిమితము చేసుకొని, ఔషధ సేవనమును అవిచ్ఛిన్నముగా కొనసాగించవలెను" అని చదివాను. యాదమ్మ పూలు వేరు చేయడం ఆపి భక్తిగా వింది.

"ఎట్లున్నది?" అన్నారు మేడం.

"మంచిగున్నది. గుళ్ళె అయ్యగారు సదివినట్టున్నది."

నేను పొంగిపోయాను. మేడం మాత్రం లేవలేదు. అర్థమైందా అని కూడా అడగలేదు. ఆ మాట ఆమె ఎవరినీ అడగగా నేను వినలేదు. "ఇంటికి పోయినంక నీ కోడలికి ఏమని చెప్తవ్ అక్కా?" అన్నారు.

"ఏం చెప్త? సర్కారోళ్ళొచ్చి మంచి మాటలు చెప్పి పోయిండ్రని చెప్త."

"నీకు బీపీ ఉన్నది గదా, గోళీలు ఏస్కుంటున్నవా?"

"తల తిరిగితే ఏస్కుంట. మంచిగున్న నాడు ఎందుకు? గోళీ ఒడిసిపోదా?"

తిరుగు బస్సులో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. అవమానం. చివరికి ఉండలేక, "ఆమెకు చదువు రాదు కదా మేడం" అన్నాను.

"ఆమెకు సదువు రాదు, నీకు చెప్పరాదు. ఇద్దరికి చెరొకటి రాదు. కాని చెప్పే పని పెట్టుకున్నది నువ్వు" అన్నారు మేడం. కోపం లేదు, నవ్వుతూనే అన్నారు. ఆ మధ్యాహ్నమే నేను ఆ కరపత్రం మళ్ళీ రాశాను. "తల తిరగకపోయినా, ఒంట్లో మంచిగున్నా, బీపీ గోళీ రోజూ వేసుకోవాలి. డాక్టరును అడగకుండా ఆపొద్దు." మంచిగున్నా అన్న మాట యాదమ్మదే. ఆ తర్వాత మా గదిలో అదొక ఆచారమైంది. ఏ కాగితమైనా, అది ఎవరి కోసమో వాళ్ళలో కనీసం ఒక్కరికి చదివి వినిపించి, వాళ్ళ నోట మళ్ళీ విన్నాకే మేడం సంతకం పెట్టేవారు, ఆ తర్వాతే అది ప్రెస్సుకు వెళ్ళేది. ఉర్దూ కాగితాలు పట్టుకుని ఆమె స్వయంగా గల్లీల్లోకి వెళ్ళేవారు. గడపల మీద కూర్చుని దక్నీలో ముచ్చట్లు పెట్టి, చాయ్ తాగి, రెండు మూడు మాటలు దిద్దుకుని వచ్చేవారు.

ఇక చెప్పవలసింది నా అబద్ధం గురించి.

నేను చేరిన రెండో ఏడు, పనిచేసే చోట్లలో షుగర్, బీపీ పరీక్షల శిబిరాలు పెట్టాలని నిర్ణయమైంది. ఒక చోటు చెప్పమని మేడం అడగగానే, "మా బాపు పనిచేసే డిపోలో పెడదాం మేడం" అన్నాను. డ్రైవర్లకు వేళకు తిండి ఉండదు, గంటల తరబడి కూర్చునే పని. మేడంకు నచ్చింది. నా మనసులో ఇంకో కోరిక కూడా ఉంది. డిపో గోడ మీద నేను రాసింది బాపు చూడాలి. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి, తన తోటివాళ్ళ ముందు ఒక్కరోజు తలెత్తుకుని మా బిడ్డ రాసిందని చెప్పుకోవాలి.

డ్రైవర్ల కోసం కరపత్రం రాయడానికి నా దగ్గర ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉంది. అందులో షుగర్‌కు, బండి నడపడానికి సంబంధించి మూడు వాక్యాలున్నాయి. షుగర్ అదుపులో లేకపోతే కొందరికి కళ్ళు తిరగవచ్చు, వాడే మందును బట్టి జాగ్రత్తలు మారతాయి, డాక్టరు సలహాతో చాలామంది మామూలుగా బండి నడుపుకోవచ్చు అని. కాగితం మీద చోటు చాలలేదు. మూడింటినీ కుదించి ఒకటి చేశాను. "షుగర్ ఉన్నవారు భారీ వాహనాలు నడపడం ప్రమాదకరం." చూడ్డానికి గట్టిగా, సూటిగా ఉందనిపించింది.

ఆ వారం మేడంకు జ్వరం. శిబిరం దగ్గరపడుతోంది. కాగితం పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని చదివారు. ఆ వాక్యం దగ్గర వేలు ఆగింది. "డ్రైవర్లకు ఎవ్వరికన్న సదివి ఇనిపిచ్చినవా?" అన్నారు.

"ఆఁ మేడం, మా బాపుకు" అన్నాను.

వినిపించలేదు. అచ్చయ్యాక చూపించి ఆశ్చర్యపరచాలనుకున్నాను. మేడం నా ముఖం వైపు ఒకసారి చూసి, పెన్ను అడిగి సంతకం పెట్టారు.

కరపత్రాలు వచ్చిన రోజు బాపుకు ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకోకుండానే పెద్ద అక్షరాలు చదివి, మడత పడకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మర్నాడు డిపోలో అందరికీ చూపించాడట, ఒకటి గోడకు కూడా అంటించారట. శిబిరం రోజు డిపో ఆవరణలో టెంటు వేసి, నర్సులను కూర్చోబెట్టి, మేము పొద్దుటి నుంచి ఎదురుచూశాం. క్యాంటీన్‌లో పనిచేసే ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు, ఒక వాచ్‌మన్ వచ్చాడు. డ్రైవరు అన్నవాడు ఒక్కడూ రాలేదు. టెంటు ముందు నుంచే పోతున్నారు, చూస్తున్నారు, ఆగడం లేదు. బాపు కూడా రాలేదు. దూరం నుంచి చేయి ఊపి, "డ్యూటీ ఉన్నది బిడ్డా" అని బస్సెక్కాడు.

మధ్యాహ్నం నర్సులు సామాను సర్దుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది. "వీళ్ళకు వాళ్ళ ఆరోగ్యం మీద శ్రద్ధ లేదు మేడం" అన్నాను. మేడం "పా, చాయ్ తాగుదాం" అని డిపో క్యాంటీన్‌లోకి తీసుకెళ్ళారు. డ్రైవర్లు కూర్చున్న బల్ల దగ్గరే జాగా అడిగి కూర్చున్నారు. ఏ రూటు, ఎన్ని ట్రిప్పులు, నడుము నొప్పులు ఎట్లా ఉన్నాయి, ఇలా ముచ్చట మొదలుపెట్టారు. రెండో చాయ్ వచ్చాక మెల్లగా అడిగారు. "మేం ఏం తప్పు చేసినమన్నా? ఒక్కలన్న రాకపోతిరి."

అందరిలోకీ పెద్దవాడు జేబులోంచి మా కరపత్రమే తీసి బల్ల మీద పరిచాడు. వేలు పెట్టి చూపించాడు.

"గిది సదివినంక ఎవ్వడొస్తడు మేడం? షుగర్ ఉంటే బండి నడపొద్దని సర్కారే రాసె. రేపు నాకు షుగర్ ఉన్నదని మీ కాయితం మీద ఎక్కితే, గా కాయితం సాబ్ చేతికి పోతె, నా డ్యూటీ ఉంటదా? ముగ్గురు పిల్లలు నాకు."

ఆ వాక్యం ఎవరు రాశారో ఆయనకు తెలుసు. బాపు అందరికీ చూపించాడు కదా. నా వైపు చూడకుండా ఉండడానికి ఆయన ఎంత జాగ్రత్తపడుతున్నాడో నాకు అర్థమైంది. మేడం ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకున్నారు.

"ఇది కొట్టెయ్యాల్సింది నేను. సంతకం నాదే. తప్పు మాదన్నా, మీది కాదు" అన్నారు.

గేటు దాకా వచ్చాక ఇక నావల్ల కాలేదు. "మేడం, ఆ రోజు అబద్ధం చెప్పిన. బాపుకు చదివి వినిపియ్యలే" అన్నాను. మేడం బస్టాపు దాకా నడుస్తూనే ఉన్నారు. బెంచీ మీద కూర్చున్నాక, సంచి ఒళ్ళో పెట్టుకుని అడిగారు.

"నాకు భయపడి చెప్పినవా, తొందరల చెప్పినవా?"

"తొందరల మేడం. అచ్చయినంక బాపుకు చూపిద్దామని."

"తొందరల అయితే నీది తప్పు. భయపడి చెప్తే నాది" అన్నారు. సంచి భుజాన వేసుకుని, "రేపు పొద్దుగాల తొమ్మిదింటికే రా. డిపో మేనేజర్ సాబ్ తోటి మాట్లాడాలె" అన్నారు. ఆ అబద్ధం గురించి ఆ తర్వాత ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు. పై కార్యాలయం శిబిరం ఎందుకు విఫలమైందో రాసివ్వమంటే, "కరపత్రంలో వాక్యం సరిచూడకపోవడం నా పొరపాటు" అని తన పేరుతోనే రాశారు. ఆ కాగితం టైపు చేసింది నేనే. టైపు చేస్తున్నంతసేపూ ఆమె వెనక గదిలో అరలు సర్దుకుంటూ ఉన్నారు.

డిపో మేనేజరు చెడ్డవాడు కాదు, భయస్తుడు. మేడం అడిగింది ఒక్కటే. పరీక్ష చేయించుకుంటే డ్యూటీ పోదని రాసివ్వమన్నారు. ఆయన కుర్చీలో ఇటూ అటూ కదిలాడు.

"నోటితోని చెప్త మేడం. రాసుడు నా చేతిల లేదు. రేపేమన్న అయితే?"

"సార్, మీరు రాసియ్యంది మేం అచ్చెయ్యలేం. అచ్చెయ్యకపోతే వాళ్ళు రారు. ఇప్పుడు మీ దగ్గర షుగర్ ఉన్నోళ్ళు లేరనుకుంటున్నరా? ఉన్నరు. దాచిపెట్టుకుని నడుపుతున్నరు. మందు లేకుండ నడిపేటోడు నయమా, మందు ఏస్కుని డాక్టర్‌కు చూపించుకుంట నడిపేటోడు నయమా? మీ బస్సుల మీ ఇంటోళ్ళు ఎక్కుతరు గదా."

ఆయన నీళ్ళు తాగాడు. పైవాళ్ళను అడిగి చెప్తానన్నాడు. మేడం ఆ తర్వాత వారానికి రెండుసార్లు వెళ్ళి ఆయన గది బయట బెంచీ మీద కూర్చునేవారు. లొల్లి పెట్టేవారు కాదు, ఊరికే కూర్చుని తన నోటుబుక్కు రాసుకునేవారు. చివరికి ఒకరోజు ఉత్తరం చేతికొచ్చింది. పరీక్షలో షుగరో బీపీయో బయటపడినంత మాత్రాన ఎవరినీ తీసేయరు. డాక్టరు కొన్నాళ్ళు బండి నడపొద్దంటే ఆ రోజులకు డిపోలోనే వేరే పని ఇస్తారు. డాక్టరు సరేనన్నాక తిరిగి స్టీరింగు ఇస్తారు. అంతవరకే ఉంది. మేడం రెండుసార్లు చదివి, మడిచి సంచిలో పెట్టుకున్నారు.

రెండో కరపత్రం మా ఆఫీసులో రాయలేదు. క్యాంటీన్ బల్ల మీద రాశాం. డ్రైవర్లు చెబుతుంటే నేను రాశాను, మేడం వింటూ కూర్చున్నారు. మొదటి వాక్యం ఏముండాలన్న దాని మీద చాలాసేపు వాదులాడుకున్నారు. చివరికి క్యాంటీన్‌లో ఆ రోజు కాగితం తీసి చూపించిన పెద్దాయన చెప్పిన మాటే ఖాయమైంది. "పరీక్ష చేయించుకుంటే డ్యూటీ పోదు." కింద ఆ ఉత్తరం యథాతథంగా వేశాం. షుగర్ గురించి ఇంగ్లీషు పుస్తకంలోని మూడు వాక్యాలూ మూడుగానే ఉంచాం. చోటు చాలకపోతే బొమ్మ చిన్నది చేశాం.

రెండో శిబిరానికి మనుషులు వచ్చారు. గుంపుగా కాదు, ఒక్కొక్కరు, అటూ ఇటూ చూసుకుంటూ. బాపు మధ్యాహ్నం దాటాక వచ్చాడు. వరసలో చివర నిలబడ్డాడు. తన వంతు వచ్చాక, నర్సు వేలికి సూది గుచ్చకముందే, ఎదురుగా ఉన్న మేడంతో నెమ్మదిగా అన్నాడు.

"సూసుడెందుకు మేడం. ఉన్నది నాకు. రెండేండ్లాయె."

నేను పక్క బల్ల దగ్గర పేర్లు రాస్తున్నాను. బాపు నా వైపు చూడలేదు. బయట ఒక మందుల షాపులో అడిగి గోళీలు తెచ్చుకునేవాడట, ఇంట్లో ఎవరికీ తెలియకుండా. డిపో గోడ మీద నా వాక్యం చదివాక, జేబులో గోళీలు ఎవరైనా చూస్తారేమోనని అవీ మానేశాడట. మా బిడ్డ రాసిందని అందరికీ చూపించిన కాగితమే అది. ఆ రోజు టెంటు దగ్గర చేయి ఊపి బస్సెక్కిన మనిషి రూపం నా కళ్ళ ముందుకొచ్చింది. నేను నిజంగానే ముందు చదివి వినిపించి ఉంటే? నోటితో చెప్పకపోయినా, ఆ వాక్యం దగ్గర ఆయన ముఖం మారి ఉండేది. నేను చూసి ఉండేదాన్ని.

మేడం తిట్టలేదు. "రెండేండ్లు ఒక్కనివే మోసినవా అన్నా?" అన్నారు. బాపు తల వంచుకున్నాడు. తర్వాత ఆమె, "బూట్లు ఇప్పు. కాళ్ళు చూడాలె" అన్నారు. బాపు సిగ్గుపడ్డాడు. పొద్దుటి నుంచి డ్యూటీ చేసిన కాళ్ళు, ఆడమనిషి ముందు ఎట్లా అని. మేడం కిందికి దిగి, నేల మీద మోకాళ్ళు ఆనించి, ఆయన మడమ తన చేతిలోకి తీసుకుని మేజోడు తానే లాగారు. అరికాలి కింద రూపాయి బిళ్ళంత పుండు. ఎప్పుడైంది, ఎట్లా అయింది, బాపుకు తెలియదు. నొప్పి లేదన్నాడు. నొప్పి తెలియకపోవడమే అసలు ఫికర్ అని మేడం మెల్లగా చెప్పి, ఆ సాయంత్రమే తన వెంట ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

పుండు మానడానికి రెండు నెలలు పైనే పట్టింది. ఆ రోజులన్నీ బాపు డిపో లోపల టైమ్‌కీపరు గదిలో కూర్చున్నాడు, బస్సులు వచ్చేపోయే వేళలు రాస్తూ. ఉత్తరంలో రాసిన మాట నిలబడుతుందా లేదా అని డిపో అంతా బాపునే చూస్తోందని నాకు తెలుసు. బాపుకూ తెలుసు. ఇంట్లో ఆయన నాతో తక్కువ మాట్లాడేవాడు. ఒక సాయంత్రం కట్టు మార్చడానికి ఆయన ముందు కూర్చుని, "నా వల్లనే బాపూ" అన్నాను. ఆయన నా చేతిలోని దూది వైపు చూస్తూ, "నువ్వు రాసినవు, నేను దాసిన. ఇద్దరం ఒక్క ఇంట్లనే ఉంటిమి" అన్నాడు. ఆ రోజు నుంచి మా మధ్య మాటలు మళ్ళీ మామూలుగా సాగాయి.

డాక్టరు సరేనన్న మర్నాడే బాపుకు బస్సు ఇచ్చారు. పొద్దుటి మొదటి ట్రిప్పు. మేడం చెప్పాపెట్టకుండా ఆ బస్టాపులో నిలబడి, ఆ బస్సే ఎక్కి, కార్యాలయానికి వచ్చారు. వచ్చి నాతో, "మీ బాపు బ్రేకు మస్తు మెత్తగ కొడ్తడు" అన్నారంతే. ఆ నెలలో మిగిలిన డ్రైవర్లు దాదాపు అందరూ పరీక్షకు వచ్చారు.

మేడం రిటైరయ్యాక ఫలక్‌నుమాలోని తమ ఇంట్లోనే ఉన్నారు. నేను ఆదివారాలు వెళ్ళేదాన్ని. కొత్త కాగితాలు పట్టుకెళ్తే చదివి, మొహమాటం లేకుండా దిద్దేవారు. కొన్నేళ్ళకు జబ్బుపడి, ఎక్కువ రోజులు బాధపడకుండానే పోయారు. సమాధుల దగ్గరికి బాపు నాతో వచ్చాడు. అప్పటికి ఆయనా రిటైరయ్యాడు. ఆ రోజు మాత్రం పెట్టెలోంచి ఖాకీ చొక్కా తీసి, ఇస్త్రీ చేయించుకుని వేసుకున్నాడు. అందరూ మట్టి వేసి పక్కకు జరిగాక, మేడం కొడుకు దగ్గరికి వెళ్ళి, రెండు చేతులూ పట్టుకుని, "మీ అమ్మ నా కాలు చేతులకు తీసుకుని చూసింది బాబూ" అన్నాడు. అతనికి ఆ సంగతి తెలియదు. తల ఊపాడు. మా వెనక ఇంకా కొందరు డ్రైవర్లు నిలబడి ఉన్నారు.

ఇప్పుడు ఆమె కూర్చున్న బల్ల దగ్గర నేను కూర్చుంటున్నాను. సమాచారం ఇప్పుడు ఫోన్లలోకి కూడా వెళుతోంది, గదిలో అరలు కొన్ని ఖాళీ అయ్యాయి. ఏ వాక్యం రాసినా, దాన్ని చదివి భయపడే మనిషి ఎవరుంటారని ముందు వెతుక్కుంటాను. అందరినీ కనుక్కోగలనని కాదు. ఒక్కోసారి ఎంత ఆలోచించినా తోచదు. అందుకే రాసింది ఇంటికి తీసుకెళ్ళి బాపుకు చదివి వినిపిస్తాను. మొన్న కిడ్నీ జబ్బుల మీద రాసింది చదివాను. ఆయన గడప మీద కూర్చుని, కళ్ళు మూసుకుని విన్నాడు. అయిపోయినా కళ్ళు తెరవలేదు.

"ఏం బాపూ, మంచిగ లేదా?" అన్నాను.

"ఏం లేదు బిడ్డా. మల్లొక్కసారి సదువు."

మళ్ళీ చదివాను. ఈసారి నెమ్మదిగా, కాగితం వైపు కాకుండా ఆయన ముఖం వైపు చూస్తూ. నాలుగో వాక్యం దగ్గర ఆయన కనుబొమలు కొంచెం దగ్గరికొచ్చాయి. చదవడం ఆపి, పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేశాను.